ఆ ఇళ్లు ఫోటోకు అడ్డమా?

గండికోట గురించి మన కాలేజీలో ఎవరిని కదిలించినా మొదటి మాట ఒకటే: "అదే బ్రో, ఇండియన్ గ్రాండ్ కాన్యన్!" రెండో మాట: "సన్‌రైజ్‌కి పోవాలి." మూడో మాట ఉండదు. ఎక్కువమంది అక్కడ చూసేది అంతే మరి. తెల్లవారుజామున బండ్లేసుకుని పోవడం, లోయ అంచున నిలబడి నాలుగు ఫోటోలు, ఒక రీల్, తొమ్మిదింటికల్లా జమ్మలమడుగులో టిఫిన్. అయిపోయింది గండికోట.

ఇట్లా పోయి వచ్చేవాళ్లు గండి చూస్తున్నారు గానీ కోట చూడటం లేదు. ఆ కోట లోపల ఒక ఊరుందన్న సంగతి చాలామంది పట్టించుకోవడమే లేదు. అంతటితో ఆగినా సరే అనుకోవచ్చు. ఆ ఊరు అక్కడ లేకపోతే ఇంకా బాగుండేదని అనేవాళ్లు కూడా తయారయ్యారు. ఈ వ్యాసం వాళ్లతో వాదించడానికే.

అసలు ఈ ఆలోచన ఇటలీ నుంచి మొదలైంది. మా సీనియర్ అక్క ఒకరు మిలాన్‌లో ఎమ్మెస్ చేస్తున్నారు. ఒక వీకెండ్ సిర్మియోనే అనే ఊరికి పోయి, ఆ ఫోటోలు మా గ్రూపులో పెట్టారు. గార్డా అని పెద్ద సరస్సు. అందులోకి నాలుక చాపినట్టు పొడుచుకొచ్చిన సన్నటి నేల మీద ఆ ఊరు. ఊరి మొదట్లో, నీళ్లలోనే ఒక కోట. 14వ శతాబ్దంలో వెరోనాను ఏలిన స్కాలిగెర్ వంశం వాళ్లు కట్టించిందట. చిన్న వంతెన దాటి కోట పక్కనుంచే ఊళ్లోకి నడవాలి. లోపల ఇరుకు సందులు, కిటికీల్లో పూలకుండీలు, ఐస్‌క్రీం అంగళ్లు, చేతులు పట్టుకుని తిరిగే జంటలు. గ్రూపు మొత్తం గుండె గుర్తులే. "ఎంత రొమాంటిక్‌గా ఉందో", "ఇలాంటివి మనకెక్కడుంటాయి", "హనీమూన్ ఫిక్స్" అంటూ ఒకటే మెసేజీలు. మన సినిమాల్లో పాట రాగానే హీరో హీరోయిన్లు విమానం ఎక్కడం చూసి పెరిగిన వాళ్లం కదా, తప్పు పట్టలేం.

నాకు మాత్రం "మనకెక్కడుంటాయి" అన్న మాట దగ్గర మనసు ఆగిపోయింది. ఆ ఫోటోల్లో ఉన్నదేమిటి? నీళ్లు, నీళ్ల పక్కన కోట, కోటను ఆనుకుని జనం కాపురముండే ఊరు. ఈ మూడూ ఒకచోట ఉన్నది కడప జిల్లాలోనే ఉంది. మనం దాన్ని గంటన్నరలో చూసేసి వస్తున్నాం. అందుకే డిసెంబరులో ఒక ఆదివారం అయిదుగురం, ముగ్గురు అమ్మాయిలం ఇద్దరబ్బాయిలు, పొద్దున నుంచి పొద్దుగూకేదాకా గండికోటలోనే ఉండాలని ఒట్టేసుకుని బయల్దేరాం.

జమ్మలమడుగు బస్టాండు దగ్గర ఉగ్గాని, బజ్జీ తిని ఆటో మాట్లాడుకున్నాం. అక్కడి నుంచి కోట సుమారు 15 కిలోమీటర్లు. దారికి అటూ ఇటూ నల్లరేగడిలో బుడ్డశనగ చేలు, నాపరాళ్లు నిలబెట్టిన కంచెలు. ఎర్రమల కొండల మీదికి రోడ్డు ఎక్కేకొద్దీ పచ్చదనం తగ్గి, రాయి ఎర్రబడుతుంది. ఉన్నట్టుండి ఎదురుగా గోడ. దీనికి 101 బురుజులని చెప్తారు. మేం లెక్కపెట్టలేదు గానీ, ఆ గోడ వెంట కనుచూపు మేర చూస్తే ఆ మాట నమ్మబుద్ధి అవుతుంది.

నేను సివిల్ థర్డ్ ఇయర్. కాబట్టి దర్వాజా దగ్గరే అరగంట పట్టింది, తక్కినవాళ్లు విసుక్కున్నారు. ఇనుప రేకులు, మేకులు తాపిన పెద్ద చెక్క తలుపులు. లోపలికి దారి నేరుగా పోదు, మలుపులు తిరుగుతుంది. ఏనుగైనా సైన్యమైనా పరుగు మీద వచ్చి తలుపును గుద్దడానికి వీల్లేకుండా చేసిన ఏర్పాటు అది. మూడు వైపుల గోడ కట్టిన మనిషి నాలుగో వైపు ఏం కట్టాలో ఆలోచించే పనే లేదు. అటు పెన్న నది కొండను నిట్టనిలువుగా కోసేసింది. గండి ఉంది కాబట్టి కోట, అందుకే గండికోట. ఒక్క మాటలో సైట్ సెలెక్షన్ రిపోర్టు మొత్తం ఉంది.

పేరు సంగతి వచ్చింది కాబట్టి "ఇండియన్ గ్రాండ్ కాన్యన్" గురించి ఇక్కడే చెప్పేస్తా. ఆ పేరు వల్ల నలుగురు వస్తున్నారు, నిజమే. కాదనను. కానీ ఆ పోలికలో మనం ప్రతిసారీ ఓడిపోతాం. అమెరికాలో ఉన్నది లోతు మైలుకు పైన, పొడవు 446 కిలోమీటర్లు. దాని పక్కన పెడితే మనది పిల్ల కాలువ. అది చూసినవాడు ఇది చూసి "ఓహో, ఇంతేనా" అంటాడు. గండికోటకు భూగర్భ శాస్త్రంలో సొంత పేరే ఉంది. ఈ గుట్టల రాతి పొరను జియాలజీ పుస్తకాల్లో "గండికోట క్వార్ట్‌జైట్" అనే రాస్తారు. కడప బేసిన్‌లో భాగం. డైనోసార్లు పుట్టడానికి ఎన్నో కోట్ల ఏళ్ల ముందటి ఇసుక, గట్టిపడి రాయైంది. లోకమంతా శాస్త్రవేత్తలు గండికోట అని పిలుస్తుంటే, గండికోటకు బస్సు దూరంలో ఉన్న మనకు ఇంకో పేరు కావాలా?

మన ప్రాంతానికి ఈ పేర్ల గొడవ కొత్తదేం కాదు. 1800లో నిజాం ఈ జిల్లాలను ఇంగ్లీషువాళ్లకు ఇచ్చేశాడు. దాంతో మనకు "దత్త మండలాలు" అని పేరు పడింది. ఎవరో ఎవరికో ఇచ్చేసిన నేల అని అర్థం. 1928లో నంద్యాలలో జరిగిన సభల్లో చిలుకూరి నారాయణరావు గారు ఆ పేరు వద్దు, "రాయలసీమ" అందాం అన్నారు. ఒక పేరు మారితే వాన పడదు, నిజమే. అయినా మనల్ని మనం ఏమని చెప్పుకుంటున్నామో దానికి విలువ ఉందని ఆ పెద్దలకు తెలుసు. వాళ్లు వదిలించుకున్న జబ్బును మనం హ్యాష్‌ట్యాగ్ పెట్టి మళ్లీ అంటించుకుంటున్నాం.

సరే, లోపలికి పోదాం. దర్వాజా దాటగానే "చార్మినార్" అని పిలిచే చిన్న గోపురం. దాని చుట్టూ ఇళ్లు. నిజమైన ఇళ్లు. వాకిట్లో ముగ్గు, అరుగు మీద ఎండబెట్టిన మిరపకాయలు, గోడ నీడన మేకలు, డిష్ యాంటెన్నా. సైకిల్ టైరు దొర్లించుకుంటూ ఒక పిల్లోడు మా వెంటే వచ్చాడు. ఒక అరుగు మీద కూర్చున్న అవ్వ మమ్మల్ని ఆపింది.

"యాడ నుంచి వచ్చినారు పాపా?"

"కర్నూలు నుంచి అవ్వా."

"లోయ సూడనా?"

"లోయ, కోట, మీ ఊరు, అన్నీ చూస్తాం అవ్వా."

"అందరూ అట్లే చెప్తారులే. కారు దిగి లోయ కాడికి ఉరుకుతారు, ఫోటో పట్టుకుంటారు, మళ్లా కారెక్కుతారు. మా ఊరి పేరు దేశమంతా తెలుసంట. మా ఇంట్లో మంచినీళ్లు తాగి పోయినోళ్లు పది మంది ల్యా."

మేం తాగాం. మధ్యాహ్నం వచ్చి తింటాం, ఏమైనా వండి పెడతావా, డబ్బులిస్తాం అని అడిగితే ఒక నిమిషం మా మొహాలు చూసి, "సంగటి తింటారా మీరు?" అంది. తింటామన్నాం.

అక్కడి నుంచి జామియా మసీదు, దాని పక్కనే ధాన్యాగారం, కాస్త ఎగువన రంగనాథస్వామి గుడి, అవతల మాధవరాయ స్వామి గుడి. అన్నీ నడక దూరమే. సిలబస్‌లో ఎక్కడా చెప్పని పాఠం ఆ ధాన్యాగారంలో ఉంది. ఉక్కు లేదు, కాంక్రీటు లేదు. రాయి, సున్నం, పైన వంపు తిరిగిన కప్పు. బరువంతా ఆ వంపు గుండా గోడల్లోకి, గోడల నుంచి నేలలోకి దిగిపోతుంది. బయట మిట్టమధ్యాహ్నపు ఎండ, లోపల చల్లగా ఉంది. ముట్టడి జరిగి నెలల తరబడి తలుపులు మూసుకోవాల్సి వస్తే కోటకు కావలసినవి రెండే: తిండి, నీళ్లు. తిండికి ఈ కొట్టు. నీళ్లకు రాయల చెరువు, మసీదు దగ్గర కత్తుల కోనేరు. యుద్ధమయ్యాక కత్తులు అందులో కడిగేవారని, అందుకే నీళ్లు ఎర్రబడ్డాయని కథ చెప్తారు. చుట్టూ ఎర్రటి రాయి, ఎర్రటి మట్టి ఉన్న చోట నీళ్లు ఎర్రగా ఉండటానికి సివిల్ వాళ్లకు వేరే కారణాలు తోస్తాయి గానీ, కథ కథే. నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకొకటి. ఇంత ఎత్తు రాతి గుట్ట మీద, వాన తక్కువ పడే సీమలో, పడిన చుక్కను పట్టి దాచుకుని ఒక ఊరు వందల ఏళ్లు బతికింది. మనం రెయిన్ వాటర్ హార్వెస్టింగ్ అని పీపీటీలు చేస్తున్నది ఇదే.

మాధవరాయ స్వామి గుడి గోపురం దూరం నుంచే కనిపిస్తుంది. లోపల మండపం స్తంభాల మీద చెక్కడాలు చూస్తూ పోతే గంట తెలియదు. గర్భగుడిలో మాత్రం విగ్రహం లేదు. పూజ లేదు, గంట లేదు, గబ్బిలాల వాసన. గుడిలో ఉన్నంతసేపు మాలో ఎవ్వరూ గట్టిగా మాట్లాడలేదు.

ఇంత కోటకు చరిత్ర కూడా అంతే ఉంది. స్థానిక కైఫీయత్తు చెప్పేదాన్ని బట్టి 1123లో కాకరాజు అనే ఆయన ఇక్కడ మొదట కోట కట్టాడు. విజయనగర కాలంలో పెమ్మసాని నాయకులు దీన్ని ఏలారు. 17వ శతాబ్దం నడుమ గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకున్నాడు. ఈ మీర్ జుమ్లా పర్షియా నుంచి వచ్చి, వజ్రాల వ్యాపారంలో ఎదిగి, సేనాని అయినవాడు. ఆయన్ని కలవడానికి 1652లో ఫ్రాన్సు నుంచి వచ్చిన రత్నాల వ్యాపారి టావెర్నియర్ గండికోటకు వచ్చాడు. హోప్ డైమండ్ కథలో వినిపించే టావెర్నియర్ ఈయనే. తన యాత్రాగ్రంథంలో ఈ కోట గురించి, ఇక్కడ ఫిరంగులు పోత పోయించే ప్రయత్నం గురించి రాసుకున్నాడు.

ఇక్కడ మళ్లీ ఇటలీకి ఒకసారి పోయి రావాలి. అదే గార్డా సరస్సు ఒడ్డున మాల్చెజినే అని ఇంకో ఊరు, దానికీ ఒక కోట. 1786లో జర్మన్ కవి గోథే ఆ కోట బొమ్మ గీసుకుంటుంటే, ఊరివాళ్లు గూఢచారి అనుకుని చుట్టుముట్టారు. ఎట్లాగో నచ్చచెప్పి బయటపడ్డాడు. ఆ చిన్న గొడవను ఆ ఊరు ఇప్పటికీ మరిచిపోలేదు. కోటలో గోథే పేరున ఒక గదే ఉంది. మన దగ్గర అంతకు 134 ఏళ్ల ముందే ఒక యూరప్ యాత్రికుడు వచ్చి, చూసి, పుస్తకంలో రాసి పోయాడు. నేను రోజంతా తిరిగినంతలో ఆయన పేరున్న పలక ఒక్కటి కూడా నాకు కనబడలేదు. పోయేవాళ్లకు చెప్పే కథ మన దగ్గర లేక కాదు, చెప్పేవాళ్లు లేక.

ఇంతకీ వాదన ఎక్కడ పుట్టిందంటే, మసీదు ముందర. మాలో ఒకడు ఫోటోగ్రఫీ పిచ్చోడు. మినార్లు, వెనక గోపురం, రెండూ ఒకే ఫ్రేములో పడాలని అటూ ఇటూ జరిగి జరిగి చివరికి విసుగ్గా అన్నాడు: "ఈ ఇళ్లు, ఈ కరెంటు తీగలు, ఈ మేకలు తీసేస్తే ప్లేస్ ఎంత నీట్‌గా ఉండు! వీళ్లందరికీ కింద ఎక్కడైనా ప్లాట్లు ఇచ్చి పంపిస్తే సరిపోయె." పక్కనే ఉన్న వేరే ఊరి టూరిస్టులు కూడా "కరెక్టే తమ్ముడూ" అన్నారు. వాడు చెడ్డోడు కాదు. మనలో చాలామంది అట్లే ఆలోచిస్తారు. పాత కట్టడం అంటే చుట్టూ పచ్చగడ్డి, ఒక బోర్డు, ఒక టికెట్ కౌంటరు, మనుషులు లేని ఖాళీ. మనకు చిన్నప్పటి నుంచి స్కూలు ఎక్స్‌కర్షన్లలో చూపించింది అదే.

ఇది ఊరికే మాట కాదు, నిజంగా జరిగిన పని. మనకు దగ్గరే హంపి ఉంది. విరూపాక్ష గుడి ముందరి బజారులో రాతి మండపాల్లో, వాటి చుట్టూ కుటుంబాలు కాపురం ఉండేవి, అంగళ్లు నడుపుకునేవి. 2011లో ఆ ఇళ్లు, అంగళ్లు కూలగొట్టి జనాన్ని ఖాళీ చేయించారు. ఇప్పుడు అక్కడ ఫోటో చాలా నీట్‌గా వస్తుంది. బజారు అని పేరుంది, బజారు లేదు. ఇక్కడ న్యాయంగా అవతలి మాట కూడా చెప్పాలి. పాత మండపానికి సిమెంటు గోడ కట్టడం, స్తంభానికి డ్రిల్లు వేయడం తప్పే, రాయి పాడైపోతుంది. కట్టడాన్ని కాపాడాలి, ఆ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. నా ప్రశ్నల్లా, దానికి మనిషిని పంపించేయడం ఒక్కటే దారా అని.

చట్టం ఇప్పటికే గట్టిగా ఉంది. 2010 సవరణ తర్వాత, కేంద్ర రక్షణలో ఉన్న కట్టడానికి 100 మీటర్ల లోపల కొత్తగా ఏమీ కట్టకూడదు. ఆ తర్వాతి 200 మీటర్లలో కట్టాలంటే అనుమతి కావాలి. మొదటి 100 మీటర్లలో పాత ఇంటికి మరమ్మతు చేయాలన్నా అనుమతి కావాల్సిందే. కట్టడానికి ఇది మంచిదే. కానీ ఆ హద్దు లోపల పుట్టి పెరిగిన మనిషి వైపు నుంచి చూడండి. కొడుక్కు పెళ్లైతే ఇంకో గది వేసుకోలేడు. కప్పు కురిస్తే కాగితం పట్టుకుని తిరగాలి. కోట వల్ల వచ్చే కష్టమంతా అతనిది. కోట వల్ల వచ్చే డబ్బు? అది మన దగ్గర నుంచి పెట్రోలు బంకుకు, జమ్మలమడుగు హోటలుకు పోతోంది. మనం కోటలో వదిలేది నీళ్ల సీసాలు, చిప్స్ కవర్లు.

సిర్మియోనేకూ మనకూ అసలు తేడా ఇక్కడే ఉంది. అక్కడ కోట చూడ్డానికి పోయినవాళ్లు ఊళ్లో తింటారు, ఊళ్లో పడుకుంటారు, ఊళ్లో కొంటారు. కాబట్టి కోట బాగుండటం ఊరివాళ్ల అవసరం. అట్లని అదేదో స్వర్గం అని నేననను. జనం ఎక్కువై సెలవు రోజుల్లో ఆ సందుల్లో అడుగు పెట్టే సందు ఉండదని మా అక్కే చెప్పారు. అతి ఎక్కడైనా అతే. కానీ మన బాధ అది కాదు. మన దగ్గర వచ్చేవాళ్లకూ ఊరికీ మధ్య ఒక్క రూపాయి బంధం కూడా లేదు. బంధం లేని చోట ఊరు మనకు అడ్డంగానే కనిపిస్తుంది.

మధ్యాహ్నం అవ్వ ఇంట్లో రాగి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి, పుల్లగూర తిన్నాం. మా ఫోటోగ్రాఫరు రెండు ముద్దలు తిని మూడోది అడిగాడు. అవ్వ డబ్బులు వద్దంది, చేతిలో పెట్టి దండం పెట్టాం. ఆమె మనవడు డిగ్రీ చదివి ప్రొద్దుటూరులో ఏదో బట్టల అంగట్లో చేస్తున్నాడట. "ఈడ ఏం పని ఉండాది పాపా?" అంది. రోజుకు ఎన్ని కార్లు వస్తున్నాయో ఆ పొద్దు మేమే చూశాం. ఆ అబ్బాయికి ఈడనే పని ఉండాలి కదా! ప్రతి బురుజు పేరు, ప్రతి దారి తెలిసిన పిల్లోడు ప్రొద్దుటూరులో చీరలు మడత పెడుతుంటే, మనం యూట్యూబ్ చూసి చరిత్ర నేర్చుకుంటున్నాం.

సాయంత్రం, ఎండ తగ్గాక, అందరూ పొద్దున్నే చూసిపోయే ఆ లోయ దగ్గరికి మేం చివర్న పోయాం. చెప్పొద్దూ, చాలా గొప్పగా ఉంది. పెట్టెలు పేర్చినట్టు రాళ్లు, కిందెక్కడో పెన్న, ఎదురు గోడ మీద ఎరుపు నిమిషానికో రంగు. గాలి తప్ప ఇంకో చప్పుడు లేదు. అంచుకు దూరంగా ఒక జంట ఎవరి లోకంలో వాళ్లు కూర్చున్నారు. రొమాంటిక్ అంటే ఇటలీయే కానక్కర్లేదని అప్పుడు అనిపించింది. మన సీమ అనగానే సినిమా వాళ్లకు సుమోలు, కత్తులు గుర్తొస్తాయి. ఇంత నెమ్మదైన చోటు కూడా సీమే.

కానీ ఆ నీళ్ల గురించి ఒక మాట. సిర్మియోనే సరస్సు దేవుడిచ్చింది. మనవి మనం అడిగి, కొట్లాడి తెచ్చుకున్న నీళ్లు. కోటకు ఎగువన పెన్న మీద గండికోట జలాశయం ఉంది, దిగువన మైలవరం. ఎగువ జలాశయం గాలేరు-నగరి పథకంలో భాగం, 26.85 టీఎంసీలు పడుతుంది. శ్రీశైలం దగ్గర పోతిరెడ్డిపాడు నుంచి కృష్ణ నీళ్లు కాలువల్లో పడి ఇంతదూరం వస్తాయి. కృష్ణ నీళ్లు పెన్న లోయకు రావడమంటే సీమలో పుట్టినవాళ్లకు ఎంత పెద్ద మాటో చెప్పక్కర్లేదు. అయితే ఆ నీళ్లు నిలవడానికి ఊళ్లు మునిగాయి. కొండాపురం మండలంలో తాళ్లప్రొద్దుటూరు 2020లో నీళ్లలోకి పోయింది. ఇళ్ల గుమ్మాల దాకా నీళ్లు వస్తుంటే జనం సామాన్లు సర్దుకున్నారు. ఇలాంటి ఊళ్లు ఇంకా ఉన్నాయి.

దాహం కోసం ఊళ్లు వదులుకున్నాం. పరిహారం చాలిందా, సమయం ఇచ్చారా అనే లెక్కలు అట్లుంచి, ఆ త్యాగానికి ఒక కారణమైనా ఉంది. చేలకు నీళ్లు, గొంతుకు నీళ్లు. మరి ఫోటో కోసం ఇంకో ఊరిని వదులుకోవడానికి ఏం కారణం చెప్తాం? ఒకే కొండ చుట్టుపక్కల, నీళ్ల కోసం కొన్ని ఊళ్లు, అందం కోసం ఒక ఊరు పోతే, ఇక మిగిలేది చూసేవాళ్లు మాత్రమే, ఉండేవాళ్లు కాదు.

ఇప్పుడే ఈ మాట ఎందుకంటే, డబ్బు వస్తోంది కాబట్టి. 2024 చివర్లో కేంద్రం గండికోట అభివృద్ధికి దాదాపు 78 కోట్లు మంజూరు చేసింది. మంచిదే. లోయ మీద గాజు నడకదారి వంటివి అనగానే మన గ్రూపుల్లో సంబరాలు మొదలవుతాయి. నన్నడిగితే మొదటి రూపాయి వేరే చోట పడాలి. ఆడపిల్లలు వెనకాముందు చూడకుండా వాడుకోగలిగిన మరుగుదొడ్లు. లోయ అంచున, చూపుకు అడ్డం రాకుండానే పడిపోకుండా ఆపే కమ్మీలు. పొద్దుగూకాక జమ్మలమడుగుకు ఒక బస్సు. ఆ రోజు మా ఆటో అన్న మా కోసం మాటకు కట్టుబడి కాచుకుని ఉన్నాడు కాబట్టి ముగ్గురు అమ్మాయిలం ధైర్యంగా సూర్యాస్తమయం చూడగలిగాం. ఆ ధైర్యం ఒక మంచి మనిషి మీద కాకుండా బస్సు టైమ్‌టేబుల్ మీద ఆధారపడాలి. ఆ తర్వాత, ఊళ్లో ఉన్న ఇళ్లలోనే గదులు బాగు చేసుకుని అతిథులను పెట్టుకోవడానికి సాయం, రాతికి సున్నానికి హాని లేకుండా ఇంటిని ఎట్లా బాగు చేసుకోవాలో చెప్పే ఒక ఇంజనీరు, ఊరి పిల్లలకు గైడ్ శిక్షణ. ఇవన్నీ అయ్యాక గాజు నడకదారి వేస్తే నేను కూడా ఎక్కి ఫోటో దిగుతా.

"ఇవన్నీ ప్రభుత్వం పనులు, మనమేం చేస్తాం" అనేవాళ్లకు కూడా నా దగ్గర జవాబుంది. పోయినప్పుడు గంట కాదు, రోజు ఉండండి. ఒక పూట తిండి ఊళ్లో తినండి, అడిగితే వండి పెడతారు. ఒక ఊరి కుర్రోణ్ణి వెంటబెట్టుకుని తిరగండి, అతని టైముకు డబ్బులివ్వండి. తీసుకుపోయిన ప్లాస్టిక్ బ్యాగులోనే వెనక్కి తెండి. పోస్టు పెట్టేటప్పుడు గండికోట అని తెలుగులో రాయండి. ఇంటి ముందు కూర్చున్న మనిషిని ఫోటో తీసే ముందు అడగండి. మన ఇంటి అరుగు మీద మనమ్మను ఎవరో అడక్కుండా ఫోటో తీస్తే మనం ఊరుకుంటామా?

ఇక మన క్లబ్బుకు ఒక ప్రతిపాదన. గండికోటకు తెలుగులో ఒక చిన్న నడక పుస్తకం తయారు చేద్దాం. దర్వాజా నుంచి లోయ దాకా దారి మ్యాపు, ఒక్కో కట్టడానికి అర పేజీ, కాకరాజు, పెమ్మసాని వాళ్లు, మీర్ జుమ్లా, టావెర్నియర్ కథలు, ఊళ్లో పెద్దవాళ్లు చెప్పే కథలు వాళ్ల యాసలోనే. సివిల్ వాళ్లం ధాన్యాగారం కొలతలు, బొమ్మ వేస్తాం. సీఎస్ఈ వాళ్లు దాన్ని ఫోన్లో చదువుకునేలా చేయండి. ముందు కాపీ ఊరివాళ్లకు చదివి వినిపించి, తప్పులు దిద్దించుకుని, అప్పుడే బయటపెడదాం.

ఈ సెమిస్టర్ పరీక్షలయ్యాక రెండు రోజులు పోవాలి. నాతో కలిపి ఇద్దరున్నాం, రెండోవాడు మా ఫోటోగ్రాఫరే. ఈసారి ఇళ్లతో సహా తీస్తానంటున్నాడు. ఇంకో నలుగురు కావాలి. ఆసక్తి ఉన్నవాళ్లు క్లబ్బులో పేర్లు ఇవ్వండి. షరతు ఒక్కటే: సన్‌రైజ్ చూసి తొమ్మిదింటికి టిఫిన్‌కు వచ్చేసేవాళ్లు వద్దు. సంగటి తినేవాళ్లు కావాలి.